అలయ్ బలయ్ అనుకొని పోయిన: నల్లమల 'సంఘీభావం' ట్రిప్పు రివ్యూ

ముందే చెప్పేస్తున్న, 5కి 2 స్టార్లు, ఆ రెండు కూడా ట్రిప్పు నడిపినోళ్లకు కాదు. ఒకటి మాకు అన్నం పెట్టిన అవ్వకు, ఇంకోటి మమ్మల్ని రెండు గంటలు అడవంచున తిప్పిన తమ్మునికి. మిగతా మూడు ఎందుకు కోసిన్నో చెప్తే పెద్ద కథయితది, టైమున్నోళ్లు చదవండి. లేనోళ్లకు ఒక్క ముక్క: 6,500 పెట్టి పోయేంత ట్రిప్పు కాదు, ఫ్రీగ తీస్కపోతమన్నా ఒకసారి ఆలోచించుకోండి.

నడిపినోళ్ల పేరు రాయను. రాస్తే రివ్యూ కాస్త పంచాయితీ అయితది, అదీగాక ఇసొంటి గ్రూపులు ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక్కటి గాదు. ఇన్‌స్టాల యాడ్ చూసిన, 'అడవి బిడ్డల పోరాటానికి అలై అవ్వండి, 2 రోజులు, 1 రాత్రి, భోజనాలు, టీషర్ట్, సర్టిఫికెట్ సహా' అని ఉంది. అలై అంటే నాకు తెలిసింది దసరా నాడు జమ్మి ఆకు చేతిల పెట్టి గుండెకు హత్తుకునే అలయ్ బలయ్ ఒక్కటే, సరే ఏదో కౌగిలించుకునుడేమో మంచిదే గదా అనుకున్న. మా ఆఫీసుల పిల్లగాడు నవ్వి చెప్పిండు, అది ఇంగ్లీషు మాటన్నా, అవతలోళ్ల కొట్లాటల వాళ్ల పక్కన నిలబడేటోడు అని అర్థం. అరే, ఇంకా మంచిదే గదా అని డబ్బులు కట్టిన.

నేనెందుకు కట్టిన్నో కూడా చెప్పాలె, లేకపోతే మీరు నన్ను మంచోడనుకుంటరు. 2019ల నల్లమల యురేనియం లొల్లి అయింది చూడు, అప్పుడు నేను కూడ డీపీ మార్చినోన్నే. ఆ ఏడు మే నెలల కేంద్రం అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ టైగర్ రిజర్వుల 83 చదరపు కిలోమీటర్ల జాగల యురేనియం వెతుక్కోవడానికి సూత్రప్రాయంగ ఊ అన్నది, 4,000 బోర్లు ఏస్తరంట అని తెలిసేసరికి అమ్రాబాద్, పదర మండలాలు భగ్గుమన్నయి, బందులు, రాస్తారోకోలు, ఊరూరికి తీర్మానాలు. హైదరాబాద్‌ల ఏమో 'సేవ్ నల్లమల' హ్యాష్‌ట్యాగు, విజయ్ దేవరకొండ ట్వీట్, పవన్ కల్యాణ్ అఖిలపక్ష మీటింగు, అట్ల. సెప్టెంబర్ 16 నాడు తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నేను డీపీ తీసేసి మళ్ల నా పెండ్లి ఫోటో పెట్టుకున్న. అయిపాయె. ఆ తర్వాత అటు దిక్కు ఏమయిందో, అక్కడ అడవిల ఉండే చెంచు తెగోళ్లు ఎట్లున్నరో ఒక్కనాడు అడిగిన పాపాన పోలే. ఆ గిల్టీ ఉండె లోపట, యాడ్ దాన్ని కరెక్టుగ పట్టుకుంది, మార్కెటింగుకు మాత్రం 5కి 5.

ఇగ ట్రిప్పు సంగతి. పొద్దుగాల 5:30కు ఎల్‌బీ నగర్ అన్నరు, బండి 6:40కి వచ్చింది. టెంపో ట్రావెలర్, ఏసీ ఉంది గని ముందు రెండు వరసలకే తగుల్తది. 14 మందిమి, సగం ఐటీ, ఇద్దరు డాక్టర్లు, ఒక రిటైర్డ్ లెక్చరర్ సారు, ఒక యూట్యూబ్ పిల్లగాడు (వాని దగ్గర డ్రోను, గుర్తుపెట్టుకోండి), పార్వతీపురం నుంచొచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక అమ్మాయి. ఎక్కంగనే ఒక్కొక్కనికి కిట్టు ఇచ్చిన్రు: టీషర్టు, గుడ్డ సంచి, రెండు ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు. టైగర్ రిజర్వుల ప్లాస్టిక్ తేవద్దని అటవీ శాఖోళ్లు మొత్తుకుంటుంటే 'అడవిని కాపాడుదాం' అని రాసున్న సంచిల ప్లాస్టిక్ బాటిల్. టీషర్టు మీద తెల్ల గీతలతో మనుషులు చెయ్యి చెయ్యి పట్టుకొని గుండ్రంగ ఆడుతున్న బొమ్మ, మంచిగనే ఉంది గని అది వార్లీ బొమ్మ, మహారాష్ట్ర వార్లీలది, చెంచోళ్లకు దానికి ఏం సంబంధం లేదు. నేను అడిగితే నడిపే పిల్లగాడు (మనసు మంచిదే వానిది, అది మాత్రం చెప్పాలె) "అన్నా సింబాలిక్‌గ పెట్టినం, ట్రైబల్ ఫీల్ కోసం" అన్నడు.

కడ్తాల్ దగ్గర టిఫిన్, ఇడ్లీ చల్లగుంది, చట్నీ మస్తుంది. కల్వకుర్తి దాటినంక బండిల మైకు పట్టుకొని క్లాసు మొదలైంది. ఫోన్ల స్లైడ్లు పంపిండు, అమెరికాల స్టాండింగ్ రాక్ అని, 2016ల నార్త్ డకోటాల మిస్సోరి నది కింది నుంచి ఆయిల్ పైపు ఏస్తుంటే అక్కడి సూ తెగ ప్రజలు అడ్డం నిలబడ్డరు గదా, ఆ ఫోటోలు. ఫోటోలు చూస్తే రోమాలు నిక్కబొడుచుకుంటయి నిజమే. కానీ అదే స్టాండింగ్ రాక్‌ల ఇంకో ముచ్చట కూడ అప్పట్ల పేపర్లల్ల వచ్చింది, బయటి నుంచి వచ్చినోళ్లు కొంతమంది గిటార్లు పట్టుకొని తిరునాళ్లకొచ్చినట్టు చేస్తుంటే, వాళ్లకు పెట్టిన తిండి కట్టెలు ఖర్చు చేస్తుంటే, అక్కడి పెద్దోళ్లు ఇది పండగ గాదు, ప్రార్థన చేసుకునే జాగ అని చెప్పాల్సొచ్చిందంట. ఆ స్లైడు లేదు. ఉండుంటే మాకే పనికొచ్చేది, ఎందుకంటే దిండి కట్ట దాటంగనే మా బండిల డీజే పాటలు మొదలైనయి.

మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఆపిన్రు. యాడ్‌ల రాసింది ఏందంటే లోపల పెంటలకు తీస్కపోయి అక్కడ రాత్రి ఉంచుతమని. పెంట అంటే మనదిక్కు వేరే అర్థం గని ఇక్కడ చెంచోళ్ల ఊరు, పది ఇరవై ఇండ్లు ఉంటయి. కోర్ ఏరియాల (పులులకని ఉంచిన నడి అడవిల) ఉన్న పెంటలకు పర్మిషన్ లేకుండ పోనియ్యరు, అది దేశంల ఏ టైగర్ రిజర్వులైనా అంతే. మావోళ్ల దగ్గర ఉన్నదేంది అంటే ఎవరో తెలిసిన సారుతోని మాట్లాడినం అన్న వాట్సాప్ మెసేజు. ఆ బీట్ ఆఫీసర్ మర్యాదగనే చెప్పిండు, కాగితం ఉంటే చూపియ్యండి, లేకపోతే రోడ్డు మీదకెళ్లి శ్రీశైలం పోండి, రాత్రి 9 అయితే ఈ రోడ్డు కూడ బంద్, పొద్దున 6 దాక. డ్రోను చూసి అది బండి దిగనీయకుండ్రి అన్నడు. గంటన్నర ఎండల నిలబడ్డం. మా యూట్యూబ్ పిల్లగాడు 'ఉద్యమకారులను అడ్డుకున్న అటవీ శాఖ' అని వీడియో స్టార్ట్ చేసిండు, లెక్చరర్ సారు వాని చెయ్యి పట్టుకొని ఆపిండు: "నాయనా మనం ఉద్యమకారులం కాదు, మనం టికెట్ కొన్నోళ్లం."

చివరికి కోర్‌కు ఇవతల, రోడ్డుకు దగ్గరున్న ఒక పెంటకు తీస్కపోయిన్రు. ఏ పెంటనో రాయను, రాస్తే వచ్చే ఆదివారం ఇంకో బండి పోతది. వాళ్లకు మేమొస్తున్నమని తెల్వదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి. మనింటికి ఎవడన్నా 14 మంది ఒక్కలెక్క టీషర్టులు ఏసుకొని, చెప్పకుండ, మధ్యాహ్నం అన్నం యాళ్లకు వస్తే ఏం చేస్తం? వాళ్లు మంచాలు వాల్చిన్రు.

మావోడు, అదే ట్రిప్పు నడిపే పిల్లగాడు, మైకు, చిన్న స్పీకరు తీసిండు. నలుగురు పెద్దోళ్లు, ఏడెనిమిది మంది ఆడోళ్లు, పిల్లలు కూసున్నరు. మిగతా మగోళ్లు అడవిలకు పోయిన్రంట. మావోడు మొదలుపెట్టిండు, జల్ జంగల్ జమీన్ అని అరిపిచ్చిండు, పిల్లలు నవ్వుకుంట అరిచిన్రు, మీ కొమురం భీమ్ నేర్పిన బాట అన్నడు. ఒక తాత పక్కాయన్ని అడుగుతుండు, ఏ భీమయ్య, ఎవలోళ్లు అని. భీమ్ గోండు బిడ్డ, ఆదిలాబాద్ జోడేఘాట్, 1940ల నిజాం పోలీసుల తూటాకు పోయిండు, ఆయన అందరికి ఆదర్శమే నేనొద్దంటలేను, కానీ ఉత్తరాన గోండోళ్ల కథ తెచ్చి దక్షిణాన చెంచోళ్లకు మీ కథ ఇదీ అని చెప్తే ఎట్లుంటది. ఈళ్ల దేవుడు లింగమయ్య, సలేశ్వరం జాతర ఈళ్లది, చైత్ర పున్నానికి లక్షల మంది పోతరు, మా బండిల సగం మంది కూడ పోయొచ్చిన్రు ఎన్నడో ఒకనాడు, ఆ ముచ్చట పెట్టినా ఒక గంట మాట్లాడుకునేటోళ్లం.

అప్పుడే ఆ అవ్వ. ముందు వరసల కూసుంది, నా టీషర్టు దిక్కు చూస్తుంది శానసేపటి నుంచి. "ఏం రాసున్నది నాయనా అంగి మీద?"

నల్లమలను కాపాడుదాం అని రాసుందవ్వా అన్న.

"ఎవల నుంచి?"

నేను మావోని దిక్కు చూసిన, మావోడు మైకుల చెప్పిండు, యురేనియం కంపెనీల నుంచి అవ్వా. అవ్వ ఊకొట్టింది. "ఆ రాయి తవ్వెటోళ్లు వస్తమన్నరు, మేం రోడ్డు మీద కూసున్నం, రాలే. ఇప్పుడు పులికి జాగ గావాల్నంట గదా. లోపట మా ఆడిబిడ్డోళ్ల పెంట ఉంది, వాళ్లను దిగి పొమ్మని అడుగుతున్నరు. వాళ్లు గూడ గిసొంటి పచ్చంగీలే ఏసుకొనొస్తరు."

మైకు ఆగిపోయింది కాసేపు. నిజం చెప్తున్న, నాకు అప్పుడు ఎలిగింది, డీపీ పెట్టుకున్న అయిదారేండ్లకు. మేం అరిచిన 'సేవ్ నల్లమల'ల చెట్లున్నయి, పులి ఉంది, కృష్ణా నీళ్లున్నయి (ఎందుకంటే ఆ నీళ్లే మనం హైదరాబాద్‌ల తాగుతం), చెంచోళ్లు ఉన్నరు గని బొమ్మల లెక్క ఉన్నరు. అదే నినాదం పట్టుకొని ఇంకోడు వచ్చి పులి కోసం మీరు బయటికి పోండ్రి అన్నా మనం లైకే కొడ్తం. మా బండిలనే ఒకాయన అన్నడు వెనకాల మెల్లగ, నిజానికి వీళ్లకు బయట మంచి ఇండ్లిస్తే పులులకు బాగుంటది కదా అని. అలై టీషర్టు ఏసుకొనే అన్నడు.

చట్టం సంగతి తెలుసుకుందామని ఇంటికొచ్చినంక చదివిన. టైగర్ రిజర్వు కోర్‌లకెళ్లి బయటికి పోయేటోళ్లకు ఇచ్చే ప్యాకేజీ 10 లక్షలుండె, 2021ల 15 లక్షలు చేసిన్రు కుటుంబానికి. పోవాల్నా వద్దా అన్నది మాత్రం వాళ్ల ఇష్టమే, బలవంతం పెట్టొద్దు, ముందు 2006 అటవీ హక్కుల చట్టం కింద వాళ్ల హక్కులు తేల్చాలె, గ్రామసభ ఒప్పుకోవాలె, అది వన్యప్రాణి చట్టంలనే రాసుంది. చెంచోళ్లసొంటి ఆదిమ తెగలకైతే ఒక్క ఇల్లు పొలమే గాదు, వాళ్లు తిరిగే, తేనె తీసే, దేవున్ని మొక్కే జాగ మొత్తానికి వాసస్థల హక్కు అని ఇంకోటుంది అదే చట్టంల. ఇష్టపడి పోయేటోళ్లు కూడ ఉంటరు, పిల్లల సదువు, దవాఖాన కోసం, అది వాళ్ల లెక్క, వద్దనడానికి మనమెవరం. ఈ మాటల్ల ఒక్కటి కూడ బండిల క్లాసుల చెప్పలే. ఆ క్లాసుల 'ప్రివిలేజ్' అన్న మాట ఎన్నిసార్లొచ్చిందో, గ్రామసభ అన్న మాట ఒక్కసారి రాలే.

మావోడు తేరుకొని, అవ్వా ఇగ నుంచి మీ గొంతు మేమైతం అన్నడు. పొద్దటి నుంచి మైకుల అరిచి అరిచి వాని గొంతు బొంగురుపోయి ఉంది. "నీ గొంతే పోయింది గద నాయనా, ఇన్ని నీళ్లల్ల తేనె కలిపిస్త తాగు" అన్నది అవ్వ. లోపలికి పోయి తెచ్చిచ్చింది గూడ.

ఫోటోల గురించి రాస్తే నాకే సిగ్గు. పాత బట్టలు తెచ్చిన్రు మూటలు, అవి ఇచ్చుకుంట ఫోటోలు. ఒక ఆడమనిషి కొంగు అడ్డం పెట్టుకున్నా తీసిన్రు. మా యాడ్‌ల 'సాంప్రదాయ నృత్యం' అని ఉండె, అది లేదని ఒక మేడం గొణిగింది, దాంతోని మావోడు ఆడోళ్లను ఒక్క స్టెప్పు ఏయండ్రి అక్కా అని బతిలాడుడు. వాళ్లల్ల ఒకామె అన్నది, జాతర కాదు, పెండ్లి కాదు, ఎందుకు ఆడాలె సారూ. పార్వతీపురం అమ్మాయి లేచి మావోని స్పీకర్ బంద్ చేసింది. శబాష్ అన్న మనసుల, బయటికి అనలే, అది నా పిరికితనం.

ఇప్పుడు ఆ రెండు స్టార్ల గురించి. అన్నం: అప్పటికప్పుడు 14 మందికి వండిన్రు, అన్నం, చింతపులుసు పప్పుచారు, ఏదో ఆకుకూర, పేరు అడిగిన గని మర్చిపోయిన, చేదు జెరంత, నెయ్యి లేకుండనే కమ్మగుంది. ఆఖరికి ఇన్ని చుక్కల జుంటి తేనె చేతిల పోసిన్రు. హైదరాబాద్ సూపర్ మార్కెట్ల దొరికేది తేనె కాదు పాకమని అప్పుడు తెలిసింది. ట్రిప్పుల ఇచ్చిన 'ఆర్గానిక్ మిల్లెట్ స్నాక్ బాక్స్' గురించి రాయబుద్ధి గూడ అయితలేదు.

తిన్నంక ఒక తమ్ముడు వచ్చిండు, పాతికేండ్లుంటయేమో, అటవీ శాఖల టైగర్ ట్రాకర్‌గ చేస్తడంట, ఆ నాడు సెలవు. సార్ సార్ అంటుండె మొదట, అన్నా అనరాదు అంటే సరేనన్నా అన్నడు. అడవంచున నడిపిచ్చిండు, లోపలికి గాదు. ఏ మట్టిల ఎవల పాదం, ఏ చెట్టుకు బంక కారుతది, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్లకు ఏది అమ్ముతరు, తునికాకు ఎప్పుడు కోస్తరు, అన్నీ మెల్లగ చెప్పిండు, ఎక్కడా గైడు లెక్క లెక్చరు లేదు, అడిగితేనే చెప్పుడు. పులి అడుగులు చూస్తనే బతికేటోడు, చుట్టాలనేమో పులి కోసం పొమ్మంటున్నరు, ఎట్లనిపిస్తది తమ్మీ అని అడిగిన. "పులి మాకు కొత్తదా అన్నా" అన్నడు, అంతే, ఇంకేం అనలే, నేను గూడ గెలకలే.

ఒక గట్టు చూపిచ్చిండు, దూరంల నిలువున రాయి, దాని పొట్ట కింద నల్లగ తేనె పట్లు. అక్కడికి పై నుంచి తాడు మీద దిగుతరంట, తీగలతోని పేనిన తాడు, రాత్రి పూట పొగ పెట్టుకుంట. కింద చూస్తే నాకు కళ్లు తిరిగినయి. పైన తాడు ఎవరు పట్టుకుంటరు తమ్మీ అని అడిగితే నవ్విండు, బామ్మర్ది అన్నా. అన్నదమ్ములు ఎందుకు గాదు? అన్నదమ్ముడైతే ఏమన్న పాలు పంపకాల కోపముండొచ్చు, బామ్మర్ది మాత్రం ఇడువడు, తాడు ఇడిస్తే వాని అక్కనో చెల్లెనో ముండమోస్తది గదా. పైనున్నోడు ఏం జెయ్యాలె మరి అని అడిగిన. ఏం జెయ్యొద్దు, కిందోడు తాడు గుంజి సైగ చేస్తడు, ఇడువు అంటే ఇడువాలె, ఆపు అంటే ఆపాలె, నడుమ ముచ్చట్లు పెట్టొద్దు, బీడీ గూడ తాగొద్దు.

నేను బండిల విన్న క్లాసు అంతా కలిపి ఈ తాడు ముచ్చటకు సరిపోదు, ఇది ఫ్రీగ చెప్పిండు. ఫ్రీగ అంటే నిజంగనే ఫ్రీగ, ఎందుకంటే మావోళ్లు వానికి ఏమియ్యలే. దిగేటప్పుడు నేను, లెక్చరర్ సారు కలిసి జేబులకెళ్లి ఇచ్చినం, తీసుకోను అంటే గైడుకు కూలి తమ్మీ, దానం గాదు అంటే తీసుకున్నడు.

పైసల లెక్క నేను బండిలనే అడిగిన, అందరి ముంగట. 14 మంది, 6,500 చొప్పున 91,000. పెంటకు ఎంత? 4,000, ఒక బియ్యం బస్తా, బట్టల మూటలు. మిగతాది బండి, రాత్రి రిసార్టు (అవును, పెంటల ఉండనియ్యలేదు కాబట్టి రిసార్టు, స్విమ్మింగ్ పూలు ఉంది), టీషర్టులు, 'అవేర్‌నెస్ ఫండ్'. అవేర్‌నెస్ ఫండ్ ఏందని అడిగితే ఇన్‌స్టా యాడ్లకని తేలింది. అంటే చెంచోళ్ల ఫోటో పెట్టి తీసిన పైసలతోని చెంచోళ్ల ఫోటోలు ఇంకిన్ని చూపిస్తరు.

రాత్రి రిసార్టుల గుండ్రంగ కూసోబెట్టి 'ఎట్ల ఫీల్ అయిన్రు' అని ఫీడ్‌బ్యాక్ సెషన్. ఒక్కొక్కరు ఏడుస్తున్నరు, మంచోళ్లే, నేను కాదంటలేను. పార్వతీపురం అమ్మాయి వంతొచ్చింది. వాళ్లూరు నుంచి నియమగిరి కొండలు దూరం గాదంట, బార్డర్ దాటితే రాయగడ జిల్లానే. చెప్పింది, 2013 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాల్నా వద్దా అన్నది అక్కడి డోంగ్రియా కోందు గిరిజనుల గ్రామసభలే చెప్పాలన్నది, 12 ఊళ్లను ఎంచిన్రు, రాయగడల 7, కలహండిల 5, జులై ఆగస్టు వానలల్ల సభలు పెట్టిన్రు, జిల్లా జడ్జి ముంగట, పన్నెండుకు పన్నెండు వద్దన్నయి. తర్వాతి జనవరికి కేంద్రం కూడ అనుమతి లేదన్నది. లాంజిగఢ్‌ల కింద వేదాంత ఫ్యాక్టరీ కట్టుకొని కూసున్నా పైన కొండ దక్కలే. "ఆ సభల్లో మాట్లాడింది వాళ్లండి, కువి భాషలో, మా కొండ మా దేవుడు నియమరాజుది అని. బయట నుంచి సాయం చేసినోళ్లు లేరా అంటే బోల్డు మంది ఉన్నారు, లాయర్లు, కాగితాలు రాసినోళ్లు, కోర్టుకి తిరిగినోళ్లు, వాళ్లెవరూ సభలో మైకు పట్టుకోలేదు" అన్నది. ఆమె మాట మెత్తగనే ఉంది, మావోడు మాత్రం ఫోన్ల ఏదో చూసుకుంటున్నడు.

లెక్చరర్ సారు ఇంకోటి కలిపిండు, మన దగ్గరే ఉంది గదమ్మా, అనంతగిరి మండలం, బొర్రా గుహల దిక్కు గనుల కేసు. విశాఖ సమత సంస్థ ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరిగితే 1997 జులైల సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాల, అంటే గిరిజన ప్రాంతాలల్ల, ప్రభుత్వ భూమి గూడ ప్రైవేట్ కంపెనీకి లీజుకిచ్చుడు చెల్లదని. దేశం మొత్తం ఇప్పటికీ సమత తీర్పు, సమత తీర్పు అంటరు. ఆ కేసు ఫైలు మోసినోళ్ల ఫోటోలు నేనెక్కడా చూడలే అన్నడు సారు.

ఈ గంట మాత్రం బాగుంది, ఒప్పుకోవాలె, అయితే దీని క్రెడిట్ కూడ పక్క సీటోళ్లదే, నడిపినోళ్లది గాదు.

ఇంటికొచ్చినంక మెయిల్ రాసిన వాళ్లకు. రిఫండ్ అడగలే. నాలుగు అడిగిన: పెంటోళ్లను ముందే అడిగి, వాళ్లు రమ్మంటేనే పోండి, అదీ వాళ్లు చెప్పిన రోజు, చెప్పినంత మంది. ఫోటోలు వద్దు, వాళ్లే తీయమంటే తప్ప. వసూలైన దాంట్ల సగానికి తక్కువ గాకుండ పెంటకే, చేతికి, లెక్క రాసిచ్చి. టీషర్టు మీద బొమ్మ ఎవలదో వాళ్లను అడగండి. మూడు రోజులకు జవాబొచ్చింది, 'మీ విలువైన ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు, మా నెక్స్ట్ ట్రిప్పు అరకు, ఎర్లీ బర్డ్ 15 శాతం డిస్కౌంట్' అని, కింద సర్టిఫికెట్ పీడీఎఫ్, నా పేరు స్పెల్లింగు తప్పు.

ఎవరన్న అడుగుతరు కామెంట్లల్ల, మరి పోవద్దా అన్నా నల్లమల అని. పోండి, మన్ననూరు నుంచి అటవీ శాఖ సఫారీ ఉంటది, అది టూరిజం అని చెప్పే టూరిజం చేస్తది, కాగితం ఉంటది, ఏ అవ్వ ఇంటి ముంగట మైకు పెట్టదు. చెంచోళ్లకు ఏదన్న చెయ్యాలె అనిపిస్తే వాళ్ల సంఘాలోళ్లను అడగండి ఏం గావాలె అని, ఏం వద్దు అంటే వద్దు అనుకొని ఊకోండి, అది గూడ కష్టమే నాకు తెలుసు. తేనె కొనుడైతే జీసీసీది కొనండి. టీషర్టు నేను బండి తుడిచెతందుకు వాడుతున్న, గుడ్డ మంచిది, నీళ్లు బాగ పీలుస్తది, దానికి అర స్టారు ఎక్కువ ఇద్దామనుకున్న గని ఈ యాప్‌ల అర లేదు.

పోయిన వారం ఆ ట్రాకర్ తమ్ముడు ఫోన్ చేసిండు, మన్ననూరుకు వచ్చి సిగ్నల్ దొరికినంక. వాట్సాప్‌ల ఒక కాగితం ఫోటో పెట్టిన, ఇంగ్లీషుల ఉంది, చదివి చెప్పాలె అన్నా అన్నడు. గ్రామసభ నోటీసు. నేను ఉత్సాహం కొద్ది మొదలుపెట్టిన, తమ్మీ సభల కనీసం సగం మంది ఉండాలె, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడోళ్లుండాలె, నేను చదివిన...

"అది మాకెరికేనన్నా, కాగితంల ఏమున్నదో జెప్పు."

చదివిన, ఒక్కొక్క లైను, తేదీ, టైము, జాగ, ఎజెండాల మూడు ముక్కలు. రెండో ముక్క మళ్లొకసారి చదువుమన్నడు, చదివిన. ఎవలకో పక్కన చెప్తుండు, ఇనబడ్డది, మధ్యల ఒక ముసలామె గొంతు గూడ. తర్వాత సరే అన్నా, పెట్టేస్తున్న, బ్యాలెన్స్ అయిపోతది అన్నడు. పెట్టేసిండు.